డెక్కు

నిజామాబాద్, బోధన్ వైపు కారులో పాటల పెట్టెను 'డెక్కు' అంటారు. పాత డచ్చిలో ఈ మాటకు కప్పు అని అర్థం. ఓడ గదులకు కప్పయినదే పైవాళ్లు నడిచే నేలయింది. ఆ చదును పోలికతోనే టేపు తిరిగే యంత్రం టేప్‌డెక్కయింది. క్యాసెట్ పోయినా పేరు నిలిచింది. సంస్కృత 'స్థగితం' దీనికి దూరపు చుట్టం: మొదట కప్పబడినది, ఇప్పుడు ఆగిపోయినది. ఈ చుట్టరికం నిజంగా అందమైనది. డెక్కు కొలతగా చెప్పే 'డబుల్ డిన్'లోని డిన్ కథ వేరు. ఉర్దూ కలిసిన ఈ నేలలో 'దిన్' (రోజు) అని వినబడవచ్చు గానీ, అది జర్మన్ ప్రమాణాల సంస్థ పొడి అక్షరాలు. సింగిల్ డిన్ ముఖం 180 × 50 మి.మీ., డబుల్ ఎత్తు 100. కొనేముందు డ్యాష్‌బోర్డు ఖాళీ కొలవండి; వైర్లు కోయకుండా కప్లర్‌తోనే బిగించమనండి.