మలయ్ కృష్ణ ధర్

మలయ్ కృష్ణ ధర్ (1939–2012) ఇంటెలిజెన్స్ బ్యూరో మాజీ అధికారి, రచయిత. తూర్పు బెంగాల్‌లోని మైమన్‌సింగ్ ప్రాంతంలో పుట్టారు. దేశ విభజన తర్వాత కుటుంబం పశ్చిమ బెంగాల్‌కు తరలివచ్చింది. ఆ జ్ఞాపకాలనే చాలా ఏళ్ల తర్వాత ‘ట్రెయిన్ టు ఇండియా’గా రాశారు. ఆయన పుస్తకాల్లో మనసును పట్టేది ఇదే.

1964లో ఐపీఎస్‌లో చేరారు. మన శ్రీకాకుళం దాకా పాకిన నక్సల్బరీ ఉద్యమం మొదలైన రోజుల్లో నక్సల్బరీ ప్రాంతంలోనే పోలీసు అధికారి. ఆ తర్వాత ఇంటెలిజెన్స్ బ్యూరోలో మణిపూర్, నాగాలాండ్, సిక్కిం, పంజాబ్ వ్యవహారాలు చూసి, 1996లో జాయింట్ డైరెక్టర్‌గా పదవీ విరమణ చేశారు.

ఆయనకు పేరు తెచ్చింది 2005లో వచ్చిన ‘ఓపెన్ సీక్రెట్స్’. పాలక పక్షాలు నిఘా యంత్రాంగాన్ని సొంత రాజకీయాలకు వాడుకున్న తీరును అందులో బయటపెట్టారు. తాను చేసిన పనులనూ దాచలేదు. 1992 ఫిబ్రవరిలో సంఘ్ పరివార్ నేతల సమావేశాన్ని, పైనుంచి వచ్చిన ఆదేశం మీద రహస్యంగా రికార్డు చేయించానని రాశారు. 1887 నాటి మూలాలున్న బ్యూరోకు నేటికీ పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టం ఆధారంగా లేదు. నిఘా సంస్థలు పార్లమెంటుకు జవాబు చెప్పాలన్న ఆయన వాదన అందుకే బలమైనది.

ఇలాంటి పుస్తకం రాయడం ఇప్పుడు అంత సులువు కాదు. 2021లో కేంద్రం పింఛను నిబంధనలు సవరించింది. నిఘా సంస్థల్లో పనిచేసి రిటైరైనవారు తమ సంస్థకు సంబంధించిన విషయాలు ప్రచురించాలంటే ఇప్పుడు ముందస్తు అనుమతి తప్పనిసరి.