రెండు రేకుల తీసివేత

ఒక నికెల్ రేకు, ఒక కోబాల్టు రేకు. రెండూ కాగితం కన్నా పలచన. రాగి నుంచి వస్తున్న ఎక్స్-కిరణాలకు అడ్డంగా ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి, నికెల్ దాటి వచ్చిన దాంట్లోంచి కోబాల్టు దాటి వచ్చినది తీసేస్తే, మిగిలేది దాదాపుగా రాగి సొంత రేఖే, అంటే రాగికే ప్రత్యేకమైన శక్తి ఉన్న కిరణాలే. లేజర్‌తో లోహాన్ని కొట్టి ఎక్స్-కిరణాలను కొలిచేవాళ్లు ఈ చిన్నపిల్లల లెక్కను ఇప్పటికీ వాడుతున్నారు.

కిటుకు ఇదీ: రాగి ముఖ్యరేఖ శక్తి 8.05 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. కోబాల్టు 7.71 దగ్గరే గట్టిగా మింగడం మొదలెడుతుంది. నికెల్ 8.33 దాకా ఓపిక పడుతుంది. ఆ సందులో రాగి దొరికిపోతుంది. రేకుల మందాలు మాత్రం ఒకదానికొకటి కుదరాలి. 1920లలో దీన్ని చేసి చూపిన రాస్ అనే శాస్త్రవేత్త పేరే ఈ జోడీకి నిలిచింది.

ఆవర్తన పట్టికలో పొరుగువాళ్లైన కోబాల్టు, నికెల్ మధ్య అంతకుముందే ఒక తగాదా ఉంది: ఎవరు ముందు? పరమాణు భారం చూస్తే కోబాల్టు 58.9, నికెల్ 58.7. కాబట్టి నికెలే ముందుండాలి. గుణాలు చూస్తే కోబాల్టే ముందు. 1913లో మాంచెస్టర్‌లో హెన్రీ మోస్లీ అనే భౌతిక శాస్త్రవేత్త ఆ తగవు తీర్చాడు. గాలి తీసేసిన గొట్టంలో చిన్న బండి మీద లోహపు ముక్కలు పేర్చి, చేపలు పట్టే పట్టుదారంతో లాగుతూ ఒక్కోదాన్నీ ఎలక్ట్రాన్ల దెబ్బకు ఎదురు నిలిపాడు. వాటి ఎక్స్-కిరణాల ఫొటోలను వరసగా పెడితే ఒక్కో మూలకం రేఖలు ఒక్కో మెట్టు జరిగాయి. పరమాణు సంఖ్యలు తేలిపోయాయి: కోబాల్టు 27, నికెల్ 28, రాగి 29. చదువు రానివాడికి కూడా కంటికి ఆనే రుజువు అది.  1915 ఆగస్టు 10న గాలిపోలీ యుద్ధంలో మోస్లీ చనిపోయాడు. వయసు, కోబాల్టు సంఖ్యే: 27.

తరవాతి దశాబ్దాలను ఒక్క గెంతులో దాటొచ్చు. 1960లో మైమన్ లేజర్ వెలిగింది. 1985లో స్ట్రిక్‌లాండ్, మూరూ కాంతి తునకను సాగదీసి, బలం పెంచి, మళ్లీ కుదించే ఉపాయం చూపారు. అలాంటి తునక తగిలితే లోహపు పైపొర ప్లాస్మా అవుతుంది. అందులో వేడెక్కిన ఎలక్ట్రాన్లు వెనకున్న చల్లని రాగిలోకి దూకి ఎక్స్-కిరణాలు పుట్టిస్తాయి. తగిలినచోట గుంట పడుతుంది కాబట్టి ప్రతి దెబ్బకూ కొత్త చోటు కావాలి. అందుకే కొన్నిచోట్ల రాగి పట్టీని క్యాసెట్ టేపులా తిప్పుతారు. మోస్లీ బండికి వరసకు మనవడన్నమాట.

తంటా ఆ ఎక్స్-కిరణాలను లెక్కపెట్టడంలో ఉంది. కిరణాలన్నీ ఒక్కుమ్మడిగా వచ్చి పడతాయి. సీసీడీ కెమెరా గడిలో (పిక్సెల్‌లో) 8 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్ ఒకటి పడితే సుమారు 2,200 ఎలక్ట్రాన్లు విడివడతాయి. రెండు పడితే 4,400. కెమెరా దాన్ని 16 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఒకే ఫోటాన్ అనుకుంటుంది. అందుకని గడికి సగటున ఒకటి కన్నా బాగా తక్కువ పడేంతగా కెమెరాను దూరం జరుపుతారు. జరపడానికి గదిలో చోటు చాలనప్పుడు, ఫోటాన్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టే పని లేకుండా రాగి రేఖను విడదీసే ఆ రెండు రేకులూ సొరుగులోంచి బయటికొస్తాయి.