పాలమూరు, నల్గొండ సీమల్లో ఋతుచర్య: ఆహారవిహారాల చరిత్ర

తుంగభద్రా తీరంలోని ఆలంపురం శక్తిక్షేత్రం. బాదామి చాళుక్యుల కాలంలో, ఏడవ శతాబ్దిలో వెలసిన నవబ్రహ్మాలయాలూ, జోగులాంబా పీఠమూ అక్కడివే. ఆ క్షేత్రంలో లభించిన లజ్జాగౌరీ శిల్పానికి శిరస్సు ఉండవలసిన చోట పద్మం ఉంటుంది. జననశక్తియే అక్కడ దేవతామూర్తి. అస్సాంలోని కామాఖ్యలో అంబుబాచీ సమయాన దేవి ఋతుమతి అయినట్లు భావించి మూడు దినాలు ఆలయద్వారాలు మూసి, పిదప మహోత్సవం జరుపుతారు. ఇట్లు ఋతుధర్మాన్ని దైవంలోనే దర్శించిన సంప్రదాయంలో, గృహంలోని స్త్రీ ఋతుకాలంలో ఏమి భుజించింది, ఎంత విశ్రమించింది అన్న ప్రశ్న మాత్రం చరిత్రలో అరుదుగానే వినిపించింది.

తైత్తిరీయ సంహిత రెండవ కాండ, ఐదవ ప్రపాఠకంలో దీనికి మూలకథ ఉన్నది. విశ్వరూపుని వధించిన ఇంద్రుడు బ్రహ్మహత్యా దోషాన్ని భూమికి, వృక్షాలకు, స్త్రీలకు మూడు భాగాలుగా పంచాడు. స్త్రీలు ప్రతిగా సంతానభాగ్యాన్ని వరంగా పొందారు. తదనంతరం త్రిరాత్ర వ్రత నియమాలు వస్తాయి. అభ్యంజనం, కేశసంస్కారం, కాటుక మొదలైన వాటితోపాటు నూలు వడకటం, త్రాడు పేనటం కూడా అక్కడ నిషిద్ధాలే. శ్రుతి చెప్పిన కారణం సంతానదోషమే గాని విశ్రాంతి కాదు. ఆ మాట దాచనక్కరలేదు. అయినా ఆ నియమాన్ని పాటించిన ఇంట ఆ మూడు దినాలు స్త్రీ హస్తాలకు పని తప్పేది.

ఆయుర్వేదం దీనిని మరింత స్పష్టం చేసింది. సుశ్రుతుడు పరుగును, ఆయాసాన్ని, గాలికి గురికావటాన్ని వర్జించాడు. వాగ్భటుడు పాలతో వండిన యవాన్నాన్ని స్వల్పంగా, ఆకులోనో మూకుడులోనో చేతిలోనో భుజించమన్నాడు. లఘువైన, సులభంగా జీర్ణమయ్యే ఆహారమన్నమాట. స్నాననిషేధం విషయంలో మాత్రం నేటి వైద్యం శుభ్రతను తప్పనిసరి చేస్తున్నది. అక్కడ దానిని అనుసరించటమే యుక్తం.

ఆచారంగా మారేటప్పటికి ఈ శాస్త్రంలో సగమే మిగిలింది. వేరుగా కూర్చుండటం, తాకరాదనటం నిలిచాయి. పాలు, యవాన్నం, విశ్రాంతి జారిపోయాయి. అందరూ తిన్న పిదప మిగిలిన చల్లని మెతుకులు దూరంగా వడ్డించే పద్ధతి ఏ శాస్త్రంలోనూ లేదు. పైగా ఆ పాటి విశ్రాంతి కూడా కొద్ది ఇళ్ళకే పరిమితం. నిజాం పాలనలో నల్గొండ పల్లెల్లో దొరల గడీలకు వెట్టి చేసిన స్త్రీకి ఏ దినమూ విడుపు దినం కాదు. 1946 నుంచి 1951 వరకు సాగిన సాయుధ పోరాటంలో ఆ స్త్రీలు పాల్గొన్నారన్నది ప్రసిద్ధం.

మెట్టనేలల భోజనం వేరు. జొన్నగటక, జొన్నరొట్టె, తైదంబలి, సజ్జలు, కొర్రలు, పుంటికూర, తోటకూర, నువ్వులు, పల్లీలు ఆ సీమ ఆహారం. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారం నూరు గ్రాముల సజ్జల్లో ఆరు మిల్లీగ్రాములకు పైగా, జొన్నల్లో దాదాపు నాలుగు మిల్లీగ్రాముల ఇనుము ఉన్నది. మరపట్టిన తెల్లబియ్యంలో ఒక్క మిల్లీగ్రాము కూడా లేదు. తైదల్లో సున్నం మూడు వందల అరవై మిల్లీగ్రాములు దాటుతుంది. అయితే ధాన్యంలోని ఇనుమంతా దేహానికి అందదు. ధాన్యంలోని ఫైటేట్లు దానిని పట్టి ఉంచుతాయి. రాత్రి కలిపి పులియబెట్టిన అంబలిలో ఆ బంధం కొంత సడలుతుంది. నిమ్మరసం వంటి పులుపు ఇనుము శోషణకు తోడ్పడుతుంది. పెద్దమ్మలకు ఈ రసాయనం తెలియదు, కాని అంబలిని పులియబెట్టటం తెలుసు. భోజనం వెంటనే త్రాగే తేనీరు దీనికి విరుద్ధం. దానిలోని వగరు పదార్థం ఇనుమును అడ్డగిస్తుంది.

పిల్ల పెద్దమనిషి అయినప్పుడు నువ్వులు, బెల్లం దంచిన ముద్దలు, ఎండు కుడుకలు పెట్టటం తెలుగునాట ఆచారం. ఇనుము, సున్నం, క్రొవ్వు మూడూ అందించే భోజనమిది. వేడుక ముగిసిన పిదప ఆ ముద్దలు ఆగిపోతాయి. ఋతుస్రావం మాత్రం సుమారు ముప్పైయైదేండ్లు సాగుతుంది.

అట్లని జొన్నను అమృతంగా కీర్తించటమూ తగదు. దక్కను పీఠభూమిలో జొన్నపైనే ఆధారపడినవారిలో పెల్లాగ్రా వ్యాధిని హైదరాబాదులోని పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు గోపాలన్, శ్రీకాంతియా 1960 ప్రాంతంలో వివరించారు. ఒకే ధాన్యం, దాని ప్రక్కన పప్పూ పాలూ లేకపోవటం దోషం. అక్కడ దారిద్ర్యమే కారణం. ధాన్యాన్ని నిందించి లాభం లేదు.

నల్గొండ జలం మరొక కథ. ఫ్లోరైడు పీడిత గ్రామాల్లో వంగిన మోకాళ్ళు, పెళుసెక్కిన ఎముకలను 1973లో కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లోకానికి తెలియజేశారు. పటిక, సున్నం కలిపి నీటి దోషాన్ని తొలగించే ప్రక్రియను నాగపూరులోని జాతీయ పరిశోధన సంస్థ రూపొందించగా, దానికి ‘నల్గొండ విధానం’ అన్న పేరే స్థిరపడింది. అధిక ఫ్లోరైడు జీర్ణాశయ పొరను దెబ్బతీసి ఇనుము శోషణను తగ్గిస్తుందని కొందరు పరిశోధకుల అభిప్రాయం. అదే నిజమైతే ప్రతిమాసం రక్తం కోల్పోయే స్త్రీకి అది ద్విగుణ నష్టం.

పాలమూరు నుంచి తరతరాలుగా కూలీలు దేశమంతటా ఆనకట్టల పనులకు తరలివెళ్ళారు. భూమి త్రవ్వి తట్ట మోసే స్త్రీకి చాటు, నీరు, విరామం మూడూ కరువే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీరింది, అది చిన్న మేలు కాదు. కాని గటక స్థానంలో పళ్ళెం నిండా తెల్లన్నం, ప్రక్కన కాస్త పులుసు మిగిలాయి.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57.6 మంది రక్తహీనులు. అధిక రజస్రావం రక్తహీనతను పెంచుతుంది; రక్తహీన దేహానికి ప్రతి స్రావమూ మరింత భారం. అందుకే అధికస్రావాన్ని ‘ఆడవారికి మామూలే’ అని ఓర్చుకోకుండా తొలిదశలోనే వైద్యునికి చూపించాలి. అట్లా చూపించని చోట్ల చివరకు గర్భాశయాన్నే తొలగించుకుంటున్నారు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న ఆరంభమైన మూడు జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. శస్త్రచికిత్స పేదలకు అందుబాటులోకి వచ్చింది. 2015–16 సర్వే నాటికి తెలంగాణలో నూటికి ఏడుగురికి పైగా స్త్రీలు గర్భాశయం తొలగించుకొని ఉన్నారు. అండాశయాలను కూడా తీసివేస్తే ఎముకల క్షయం అకాలంలోనే మొదలవుతుంది. ఫ్లోరైడు నీరు త్రాగి ఇదివరకే ఎముకలు దెబ్బతిన్న మునుగోడు, మర్రిగూడ ప్రాంతాల స్త్రీలకు ఆ క్షయం ఇంకెంత భారమో చెప్పనక్కరలేదు.