చేతుల బరువు బెల్టు మీదికి ఎట్ల వచ్చింది?

ఫలక్‌నుమా డిపో దగ్గర బస్సులు మలుపు తిరగడం మనం రోజూ చూసేదే. 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టిన నాడు, ఆ తిప్పే బరువంతా డ్రైవర్ భుజాల మీదనే ఉండేది.

అంతకుముందే, 1926లో, అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు ఒక పియర్స్ యారో కారుకు ఆయిల్ పంపుతో నడిచే స్టీరింగ్ బిగించి చూపించిండు. అంటే ఈ చరిత్ర మొదలైందే ఉన్న బండిని మార్చడంతోని. కంపెనీ కార్లలో అమ్మకానికి వచ్చింది మాత్రం 1951లో, క్రైస్లర్‌తో.

ఇంజన్ పుల్లీ బెల్టును లాగితే పంపు తిరుగుతది, ఆయిల్ ఒత్తిడి చక్రాలను నెడతది. పాత కారుకు పంపు పెట్టాలంటే పుల్లీలన్నీ ఒకే వరుసలో ఉండాలి. పంపు పుల్లీ చిన్నదైతే పంపు వేగం పెరిగి ఆయిల్ వేడెక్కుతది. బెల్టు వదులైతే జారి కీచుమంటది, మరీ బిగిస్తే బేరింగ్ పోతది. నడుమ తెగితే స్టీరింగ్ ఒక్కసారే రాయిలాగా అయితది, ప్రాణం మీదికొస్తది.

1988లో సుజుకీ సెర్వోతో కరెంటు మోటారు స్టీరింగ్ వచ్చింది. ఇప్పుడు కొత్త కార్లలో పంపూ బెల్టూ పోతున్నయి. తండాల నుంచి, గూడేల నుంచి ఐటీఐ మెకానిక్ కోర్సుల్లో చేరుతున్న మనం రెండూ నేర్చుకోవాలి. పానా పట్టుడే కాదు, పుల్లీ లెక్క కూడా మన చేతిలో ఉండాలి.