కత్తిరి ఎండలు, కారులో గాలి

వేసవిలో తమిళనాట ఎండ ఎక్కడ ఎక్కువ కాసిందో వాతావరణ శాఖ చెప్పినప్పుడల్లా తిరుత్తణి పేరు తరచుగా వినబడుతుంది. మే నెల కత్తిరి రోజుల్లో 40 డిగ్రీలు దాటడం అక్కడ ఎవరికీ వింత కాదు. చెన్నై నుంచి తిరువళ్లూరు, తిరుత్తణి మీదుగా రేణిగుంట చేరే రోడ్డు తిరుమల యాత్రికులకు బాగా తెలిసినదే. దారిలో కొండ మీద సుబ్రహ్మణ్యస్వామి, కింద 365 మెట్లు. అంబాసిడర్ల కాలంలో ఈ రోడ్డున పోయేవారికి గాలి అంటే ముందు తలుపుకున్న త్రికోణపు చిన్న అద్దమే. దాన్ని వాలుగా తిప్పితే గాలి నేరుగా మొహానికి కొట్టేది. వడగాలే, కానీ ధారాళంగా వచ్చేది. ఆ ధారాళం మాత్రం ఏసీ కార్లకు అంత తేలిగ్గా అబ్బలేదు.

కారులో ఏసీని కంపెనీయే బిగించి అమ్మడం అమెరికాలో ప్యాకార్డ్‌తో మొదలైంది. 1939లో చూపించిన ఆ ఏర్పాటు డిక్కీలో సగం చోటు మింగేసింది. చల్లగాలి వెనక సీటు వీపు మీదుగా వచ్చేది. కంప్రెసర్‌కు క్లచ్ లేదు కాబట్టి ఏసీ వద్దనుకుంటే ఇంజిన్ ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాల్సిందే. కొన్నవాళ్లు తక్కువ. రెండేళ్లు తిరిగేసరికి ప్యాకార్డ్ దాన్ని ఆపేసింది. 1954లో న్యాష్ కంపెనీ మొత్తం సరంజామాను కారు ముందు భాగానికి తెచ్చింది. గాలి డ్యాష్‌బోర్డులోంచి రావడమనే పద్ధతి అలా కుదురుకుంది.

మన దగ్గర చాలాకాలం ఏసీ అంటే కారు కొన్నాక విడిగా పెట్టించుకునేదే. డ్యాష్‌బోర్డు కింద వేలాడే పెట్టె, అందులోనే చిన్న ఫ్యాన్, చల్లబరిచే కాయిల్. కారులోని గాలినే లాగి, చల్లబరిచి మళ్లీ వదిలేది. దాన్ని చూసి నవ్వినవాళ్లు ఉంటారుగానీ, దానికో సుగుణం ఉంది. గాలి తగ్గితే జాలీ మరలు విప్పి, కాయిల్ దుమ్ము దులిపి, మళ్లీ బిగించేయవచ్చు. అసలు బెడద గ్యాస్‌ది. రబ్బరు గొట్టాల్లోంచి, కంప్రెసర్ సీలులోంచి ఆర్-12 మెల్లమెల్లగా జారిపోయేది. ఏటా ఎండలు ముదిరేముందు గ్యాస్ పట్టించడం అందుకే ఆనవాయితీ అయింది. 1985లో మొదలైన సుబ్రోస్ వంటి సంస్థలు మారుతి కార్లకు ఏసీలు అందించాక ఈ సుఖం మధ్యతరగతి దాకా వచ్చింది. ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ఒప్పందం పుణ్యాన కొత్త కార్లలో ఆర్-12 పోయి ఆర్-134ఏ వచ్చింది. గ్యాస్ మారినా ఆనవాయితీ మారలేదు.

తిరువళ్లూరు ఈ కథలోకి 1998లో వచ్చింది. అంబాసిడర్ తయారుచేసే హిందుస్థాన్ మోటార్స్ ఇక్కడి ఫ్యాక్టరీలో మిత్సుబిషి లాన్సర్‌ను బిగించడం మొదలుపెట్టింది. బెంగాల్లోని ఉత్తర్‌పారాలో పాత కారు, తిరువళ్లూరులో కొత్త కారు. కంపెనీ ఒకటే, తరాలు రెండు. లాన్సర్‌లో ఏసీ డ్యాష్‌బోర్డు లోపలే ఒదిగి వచ్చింది. తర్వాత పజేరో, సీడియా, ఔట్‌ల్యాండర్ ఇక్కడే తయారయ్యాయి.

చూపుకు అందంగా ఉన్న ఈ ఏర్పాటులో గాలి దారి మాత్రం పొడుగైంది. ముందు అద్దం కింది జాలీ, బయటి గాలా లోపలి గాలా అని తేల్చే తలుపు, బ్లోయర్, గాలిని చల్లబరిచే కాయిల్ అయిన ఎవాపరేటర్, వేడి చలువలను కలిపే మరో తలుపు, ఆపైన గొట్టాలు. దారి ఎంత పొడుగైతే అడ్డం పడే చోట్లు అన్ని. ఇటుక బట్టీల ధూళి, చెట్టు కింద నిలిపిన కారులోకి రాలిన వేపాకు, గూడు కట్టిన ఎలుక, అన్నీ ఈ దారిలోనే చేరతాయి. ధూళిని ఆపడానికి తర్వాత క్యాబిన్ ఫిల్టర్ వచ్చింది. మన చౌక కార్లలో చాలా ఏళ్లు దాన్ని పెట్టనే లేదు. అప్పుడు ధూళి నేరుగా తడి ఎవాపరేటర్‌కు అంటుకుని బురదగా గడ్డకట్టేది. ఫిల్టర్ ఉన్న కార్లలో దాన్ని మార్చాలని గుర్తుండేది ఎందరికి?

గాలి బలం తగ్గిందంటే ముందుగా గ్యాస్‌ను అనుమానించడం ఆ పాత ఆనవాయితీ పెట్టిన అలవాటే. నిజానికి గ్యాస్ తగ్గితే సాధారణంగా తగ్గేది చల్లదనం, గాలి కాదు. చెవి పెట్టి వింటే సగం సంగతి తెలిసిపోతుంది. బ్లోయర్ హోరు గట్టిగా ఉండి గాలి పలచగా వస్తే అడ్డం ఫిల్టర్‌లోనో ఎవాపరేటర్ మీదో ఉన్నట్టు. హోరు కూడా నీరసంగా ఉంటే మోటారునో, దానికి అందే కరెంటునో చూడాలి. చివరి స్పీడులో తప్ప తిరగకపోతే చాలా కార్లలో పోయింది రెసిస్టర్. లోపలి గాలి మీద పెట్టినప్పుడు జోరుగా వచ్చి, బయటి గాలి మీద తగ్గితే ముందు అద్దం కింది జాలీలో ఆకులు వెతకాలి. అద్దం మీదికో కాళ్ల మీదికో మాత్రమే గాలి పోతుంటే తలుపు ఇరుక్కుంది.

అన్నింటిలో చిక్కుగా తోచేది ఒకటుంది. బయలుదేరినప్పుడు గాలి బాగా వస్తుంది, అరగంట ప్రయాణం తర్వాత తగ్గిపోతుంది, కారు కాసేపు ఆపితే మళ్లీ మామూలే. ఎవాపరేటర్ మీద మంచు పేరుకుని రెక్కల సందులు మూసుకుపోవడమే కారణం. కాయిల్ మరీ చల్లబడకుండా చూసే థర్మిస్టర్ చెడినా, గ్యాస్ తగ్గినా, ఫిల్టర్ పూడినా ఇలా అవుతుంది. కాబట్టి గ్యాస్ ప్రతిసారీ నిర్దోషి ఏమీ కాదు. ఏసీ ఆపి బ్లోయర్ ఒక్కటే తిప్పుతూ పోతే మంచు కరిగి గాలి తిరిగొస్తుంది, కారణం మాత్రం వెతకాలి.

తిరుత్తణి, తిరువళ్లూరు ప్రాంతంలో మారింది కార్లే కాదు, ఎల్లలూ మారాయి. రెండు రాష్ట్రాల సరిహద్దు మీద వచ్చిన పటాస్కర్ తీర్పు ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ఆంధ్ర నుంచి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. బదులుగా తిరువళ్లూరు, పొన్నేరి తాలూకాల ఊళ్లతో సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు వచ్చింది. ఆ సత్యవేడు వైపే ఇప్పుడు శ్రీసిటీ పారిశ్రామికవాడ ఉంది. తిరువళ్లూరులో హిందుస్థాన్ మోటార్స్ చేత బండ్లు చేయించుకున్న ఇసుజు 2016లో శ్రీసిటీలో సొంత ఫ్యాక్టరీ తెరిచింది. 2023లో బ్లూస్టార్, డైకిన్ ఇళ్ల ఏసీల తయారీ కూడా అక్కడ మొదలుపెట్టాయి. తిరువళ్లూరు ఫ్యాక్టరీ మూతపడలేదు. హిందుస్థాన్ మోటార్స్ యజమానులైన బిర్లాలతో 2017లో కుదిరిన ఒప్పందంతో ఫ్రాన్సు కంపెనీ పీఎస్‌ఏ అక్కడికి వచ్చింది. 2021లో సిట్రోయెన్ సీ5 ఎయిర్‌క్రాస్, మరుసటి ఏడాది సీ3 అక్కడినుంచే రోడ్డెక్కాయి.