గంజీఫా పేకకు కొత్త కూర్పులు

గంజీఫా గుండ్రని ముక్కలతో ఆడే పేకాట. ఇప్పటి పేకలో నాలుగు రంగులు, 52 ముక్కలు. మొఘల్ గంజీఫాలో ఎనిమిది రంగులు, 96 ముక్కలు. కిరీటం, కత్తి, బంగారు నాణెం, వెండి నాణెం, సేవకుడు, దస్తావేజు, సరుకుమూట, చంగ్ అనే తీగవాద్యం ఆ రంగుల గుర్తులు. ఒక్కో రంగులో రాజు, మంత్రి, ఒకటి నుంచి పది దాకా అంకెల ముక్కలు ఉంటాయి. 1527లో సింధు పాలకుడు షా హసన్ అడిగితే గంజీఫా ముక్కలు పంపించినట్టు బాబరు తన స్మృతుల్లో రాసుకున్నాడు. మొఘలుల కొలువు నుంచి ఆట నాలుగు దిక్కులకూ పాకింది. తెలుగు నేలలో ఈ ముక్కల తయారీకి పేరుపడ్డ ఊరు నిర్మల్.

కూర్పులు మారడం ఈ ఆటకు మొదటినుంచీ ఉన్నదే. పన్నెండు రంగుల పాత పేకను అక్బరు సవరించిన తీరును అబుల్ ఫజల్ ‘ఐనీ అక్బరీ’లో వర్ణించాడు. అయితే ఆటను కోటల్లోంచి ఊళ్లలోకి తెచ్చింది ఆ సవరణ కాదు, దశావతార గంజీఫా. ఇందులో రంగులు పది, ముక్కలు 120. కిరీటం, కత్తి, నాణేల చోట చేప, తాబేలు, గండ్రగొడ్డలి వంటి అవతార చిహ్నాలు వచ్చాయి. ఆడే పద్ధతి మాత్రం దాదాపు అలాగే ఉంది. అంకెల ముక్కల్లో సగం రంగులకు పది పెద్దది, మిగతా సగానికి ఒకటి పెద్దది అన్న పాత కట్టుబాటు చెక్కుచెదరలేదు. మొఘల్ ఆటలో పగలైతే బంగారు నాణెం రాజు, రాత్రయితే వెండి నాణెం రాజు ఎవరి చేతిలో పడితే వారు మొదలుపెట్టేవారు. దశావతారంలో ఆ వంతు పగలు రాముడికి, రాత్రి కృష్ణుడికి వచ్చింది. ఫార్సీ కొలువు పేర్లు తెలియని ఇంటిలో కూడా మత్స్యం, కూర్మం, వరాహం వరుస చిన్నపిల్లలకు సైతం నోటికి వచ్చు. బొమ్మలు గుర్తుపట్టడానికి కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేకపోయింది.

కొనేవారిని బట్టి మారడం తయారీలోనూ ఉంది. దర్బారీ కలం, బజారీ కలం అని పనితనం రెండు తరగతులు. మొదటిది ప్రభువుల కోసం: అంచు చుట్టూ అల్లిక, నగిషీ, ఒక్కోసారి దంతం మీదో తాబేటిచిప్ప మీదో చిత్రణ. రెండోదానికి అంచుపని ఉండదు, కుంచె నాలుగు గీతల్లో బొమ్మ ముగుస్తుంది. బజారీ ముక్క చేయడానికి పాత బట్టను చింతగింజల జిగురుతో పొరలు పొరలుగా అంటించి ఆరబెడతారు. సుద్ద పూసి, నున్నగా రుద్ది, గుండ్రంగా కోసి, వీపున ఒకే రంగు పూస్తారు. వీపు మీద చిన్న మచ్చ ఉన్నా ముక్క పట్టుబడిపోతుంది కాబట్టి 120 ముక్కలకూ ఆ పూత ఒకే తీరుగా రావాలి. పైన లక్క పట్టించాక జరుపుడు మూత ఉన్న చెక్కపెట్టెలో సర్దుతారు. ఆ పెట్టె మీద కూడా బొమ్మలే.

కొత్త కూర్పు ఎక్కడ ఆగిపోతుందో మైసూరు చూపిస్తుంది. ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు (1794–1868) ఆటల మీద అపారమైన మక్కువ ఉన్న రాజు. ఆయన ‘శ్రీతత్త్వనిధి’లోని ‘కౌతుకనిధి’ భాగంలో తానే రూపొందించిన పేకాటలను వర్ణించారు. కొన్నింటిలో ముక్కలు 300 దాటాయి. చిత్రకళగా అవి అద్భుతాలు. కానీ అన్ని రంగులు, అన్ని గుర్తులు, అన్ని హెచ్చుతగ్గులు మొదటినుంచి నేర్చుకునే ఓపిక అంతఃపురానికి వెలుపల ఎవరికుంటుంది? ఆ ఆటలు రాజభవనం గడప దాటలేదు.

గంజీఫాను దెబ్బతీసింది ఐరోపా అచ్చు పేక. యంత్రం మీద చవగ్గా అచ్చయిన ముక్కతో చేతి కుంచె పోటీపడలేకపోయిందన్నది అందరూ చెప్పే కారణం. అది నిజమే కానీ సగమే. గంజీఫా పెట్టెతో ప్రధానంగా ఒకే ఆట ఆడేవారు. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు ఉన్న 52 ముక్కల కట్టతో ఎన్ని ఆటలైనా ఆడవచ్చు. ముగ్గురే కూర్చుంటే దశావతారంలో తలా 40 ముక్కలు. రమ్మీలో చేతికి 13. నిర్మల్‌లో ఈ ముక్కలు చిత్రించే నకాషీ కళాకారుల కుటుంబాలు క్రమంగా కొయ్యబొమ్మలు, పళ్లేలు, చిత్రాల వైపు మళ్లాయి. రమ్మీ ఇంటింటా స్థిరపడింది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద నడిచిన కేసులో, రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం జూద చట్టాన్ని సవరించి, పందెం కట్టే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది.

పాత ఆట కొత్త కూర్పుగా నిలవడం పేకకే పరిమితం కాదు. హైదరాబాదు తూర్పున మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్ స్టేషనరీ దుకాణాల్లో నేటికీ దొరికే ఆట ఒకే అట్టకు ఒకవైపు లూడో, రెండోవైపు పాములు–నిచ్చెనలు. రెండింటి మూలమూ ఇక్కడిదే. పచ్చీసులోని గవ్వల బదులు పాచిక పెట్టి 1896లో ఇంగ్లండులో పేటెంటు పొందిన కూర్పు లూడో. వైకుంఠపాళిలోని పాపపుణ్యాల పేర్లు తీసేసిన కూర్పు రెండోది.

పేక, అట్టల్లాగే నియమాల పుస్తకాలకూ కొత్త కూర్పులు వస్తాయి. ఆట నియమాలనే పుస్తకంగా అమ్మే వ్యాపారం అమెరికాలో బలపడింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో వెయ్యి ప్రతులతో మొదలైంది. ఒకరు కథ నడిపిస్తారు, మిగతావారు తలా ఒక పాత్రగా మాట్లాడతారు, గెలుపోటములను 20 ముఖాల పాచిక తేలుస్తుంది. 2000లో మూడో కూర్పు వచ్చినప్పుడు, దాని మూల నియమాలను ఇతర ప్రచురణకర్తలూ వాడుకునేలా లైసెన్సు ఇచ్చారు. 2008 నాటి నాలుగో కూర్పు ఆడే తీరునే బాగా మార్చింది. పాత పద్ధతికి అలవాటుపడ్డ వారి కోసం పైజో సంస్థ, అదే లైసెన్సు ఆధారంగా 2009లో ‘పాత్‌ఫైండర్’ తెచ్చింది. చాలామంది అటు వెళ్లిపోయారు. 2014లో వచ్చిన ఐదో కూర్పు నియమాలను తేలిక చేసి వారిని మళ్లీ కూడగట్టింది. 2024 పుస్తకాలు ఐదో కూర్పు సాహసకథలతో కలిసి నడిచేలా రాసినవి. మైసూరులో బయటపడ్డ చిక్కే ఇక్కడా ఉంది: చేతికి అలవాటైన ఆటను వదిలించే కూర్పుకు కొనుగోలుదారులు తక్కువ.

ఈ పుస్తకాలకు హైదరాబాదులో ఎంత గిరాకీ? మూల గ్రంథాలు మూడు, ఒక్కోటి అమెరికాలో దాదాపు 50 డాలర్లు. తెలుగులో అధికారిక అనువాదం లేదు. లూడో అట్ట కొనే ఇంటికి ఈ ధర అందదు. అయితే కథ నడిపే ఒక్కరు కొంటే నలుగురైదుగురు ఆడుకోవచ్చు, ప్రాథమిక నియమాలు ఉచితంగానూ దొరుకుతాయి. కాబట్టి పుస్తకాల అమ్మకం కన్నా ఆడేవారి సంఖ్య ముందు పెరుగుతుంది. నిజమైన అవకాశం అనువాదంలో ఉంది. 2023 జనవరిలో ఆ లైసెన్సును బిగించాలని చూసిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ యాజమాన్యం, ఆటగాళ్ల నిరసనతో వెనక్కి తగ్గి మూల నియమాలను క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేసింది. మూలాన్ని పేర్కొంటే చాలు, ఎవరైనా ఆ నియమాలను తెలుగు చేసి, కథలూ బొమ్మలూ మార్చి, అచ్చువేసి అమ్ముకోవచ్చు.