ఆ పాట పుట్టిన ఇల్లు ఎవరిది?

దక్షిణాఫ్రికా వర్ణవివక్ష గురించి మనం చదువుకున్న చరిత్రలో చట్టాలుంటాయి, కాల్పులుంటాయి, జైళ్ళుంటాయి, నాయకులుంటారు. శనివారం రాత్రి ఒక నల్లజాతి స్త్రీ ఇంట్లో ఏం జరిగేదో ఆ చరిత్రలో వెతికితే దొరకదు. ఆ రాత్రుల గురించి నాకు కాస్తో కూస్తో తెలిసింది ఒక నాటకం వల్ల, దానికి ప్రాణం పోసిన జాజ్ సంగీతం వల్ల. నాటకం పేరు 'కింగ్ కాంగ్'. మనకు తెలిసిన గొరిల్లా సినిమాకీ దీనికీ పేరు తప్ప సంబంధం లేదు. ఇది 1959 ఫిబ్రవరి 2న జొహానెస్‌బర్గ్‌లోని విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయం గ్రేట్ హాల్లో మొదలైన జాజ్ ఆపెరా.

ఆ హాలునే ఎంచుకోవడానికి కారణముంది. ఊళ్ళోని థియేటర్లలో నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు కలిసి కూర్చుని నాటకం చూసే వీలు లేదు. విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆ వీలు ఇంకా మిగిలి ఉంది. అదే 1959లో ప్రభుత్వం మరో చట్టం తెచ్చి ఆ విశ్వవిద్యాలయాల తలుపులు కూడా నల్ల విద్యార్థులకు మూసేసింది. అంటే తలుపు మూసుకుపోతున్న సమయంలో, ఆ సందులోంచి ఈ నాటకం బయటపడింది.

సంగీతం సమకూర్చిన టాడ్ మత్షికిజా నల్లజాతివాడు, 'డ్రమ్' పత్రికలో కాలమ్ రాసిన రచయిత కూడా. కథ రాసిన హ్యారీ బ్లూమ్, దర్శకుడు లియోన్ గ్లక్‌మన్ తెల్లవాళ్ళు. పాటలు రాసిన పాట్ విలియమ్స్ తెల్లజాతి స్త్రీ, పాత్రికేయురాలు. నటులందరూ నల్లవాళ్ళే. వాద్యబృందంలో కిప్పీ మొకెట్సి, జోనస్ గ్వాంగ్వా, అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా నిండని హ్యూ మసెకెలా ఉన్నారు. రాత్రిపూట తెల్లవాళ్ళ నగరంలో నడవాలంటే నల్లవాడి జేబులో అనుమతి పత్రం ఉండాల్సిన రోజులవి. రంగస్థలం మీద హీరో అయినవాడు నాటకం ముగిశాక వీధిలో పోలీసుకు కాగితం చూపించుకోవాలి.

కథ నిజంగా జరిగినదే. ఎజకీల్ ద్లామిని హెవీవెయిట్ బాక్సర్. 'కింగ్ కాంగ్' అతను రింగులో పెట్టుకున్న పేరు. నల్లవాళ్ళకు తెల్లవాళ్ళతో పోటీపడే అవకాశం లేని దేశంలో, ఎదురు నిలిచేవాడు లేక, ఎదగడానికి చోటు లేక తాగుడులో పడ్డాడు. తన ప్రియురాలిని చంపాడు. కోర్టులో తనకు ఉరిశిక్ష వెయ్యమని అడిగాడు. జడ్జి పధ్నాలుగేళ్ళ కఠిన శిక్ష వేశాడు. 1957లో జైలు పొలం దగ్గర నీళ్ళలో శవమై తేలాడు.

వర్ణవివక్ష ఒక బలవంతుణ్ణి ఎలా విరిచేసిందో చెప్పడానికి ఇంతకన్నా మంచి కథ ఏముంటుంది? ప్రేక్షకులు అలాగే అర్థం చేసుకున్నారు. తప్పేమీ లేదు, అది నిజమే. కానీ ఈ కథను రెండు మూడు వాక్యాల్లో చెప్పిన ప్రతిచోటా నన్ను ఆపేసే మాట ఒకటుంది. 'ప్రియురాలిని చంపాడు.' అతనికి పేరుంది, బిరుదుంది, బరువు తరగతి ఉంది. చనిపోయిన మనిషికి మాత్రం అతనితో ఉన్న సంబంధమే పేరు. అతని మరణం జాతి విషాదం, ఆమె మరణం అతని విషాదంలో ఒక సంఘటన.

నాటకం ఆమెకు ఒక పేరిచ్చింది, జాయిస్. ఆమెను షిబీన్ యజమానురాలిగా చూపించింది. అసలు చరిత్ర ఇక్కడే మొదలవుతుందని నా అభిప్రాయం.

షిబీన్ అంటే లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం అమ్మే చోటు. తెల్లవాళ్ళు తాగే సీసా మద్యాన్ని 1962 వరకూ దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ళు కొనకూడదు. జొన్న, మొక్కజొన్నలతో ఇంట్లో బీరు కాయడం ఆఫ్రికా స్త్రీలకు తరతరాలుగా తెలిసిన పని, ఇంటి పని. పల్లెల్లో బతుకు సాగక నగరానికొచ్చిన స్త్రీలకు దొరికే ఉద్యోగం తెల్లవాళ్ళ ఇళ్ళలో చాకిరీ, లేదా బట్టలు ఉతకడం. భర్తల జీతంతో ఇల్లు గడవదు. అందుకని వాళ్ళు బీరు కాచారు. 1933-34లో ఎలెన్ హెల్‌మన్ అనే మానవశాస్త్ర పరిశోధకురాలు జొహానెస్‌బర్గ్ డోర్న్‌ఫాంటీన్‌లోని 'రూయ్‌యార్డ్' అనే మురికివాడను అధ్యయనం చేసింది. ఆడవాళ్ళు బీరు డబ్బాలను పెరట్లో గోతులు తీసి దాచడం, పోలీసుల దాడులు, వారాంతపు అమ్మకాల మీద ఆధారపడ్డ కుటుంబాలు, అన్నీ ఆమె రాసింది. ఆ పుస్తకం 1948లో, వర్ణవివక్ష పార్టీ గద్దెనెక్కిన ఏడాదే అచ్చయింది.

తాగడానికొచ్చిన వాళ్ళు కూర్చోవాలంటే పాట కావాలి. పాత పియానోనో, కాలితో తొక్కే హార్మోనియమో ఒక మూల. రాళ్ళు పోసిన డబ్బా తాళం. మూడు నాలుగు స్వరసమూహాలనే తిప్పి తిప్పి తెల్లవార్లూ వాయించేవారు. దానికే 'మరబి' అని పేరు. చర్చికి వెళ్ళే చదువుకున్న నల్లవాళ్ళు దాన్ని చెడ్డవాళ్ళ పాట అనేవారు. అమెరికా నుంచి రికార్డుల్లో వచ్చిన స్వింగ్ సంగీతం 1930లలో ఈ మరబితో కలిసింది. జాజ్ మేనియాక్స్ వంటి బృందాలు వచ్చాయి. దక్షిణాఫ్రికా జాజ్ అలా పుట్టింది. సంగీత చరిత్రలు వాయించిన మగవాళ్ళ పేర్లు జాగ్రత్తగా రాశాయి. ఆ గది ఎవరిది, ఆ రాత్రి పోలీసులొస్తే జైలుకు ఎవరు వెళ్ళాలి అన్నది మాత్రం వెనక నేపథ్యంగా మిగిలిపోయింది.

మన పాఠకులకు ఇక్కడ ఒక సందేహం రావచ్చు. 1992లో దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించిన చరిత్ర మనది. సారా అమ్మే ఇల్లు మనకెలా ఆదర్శం అవుతుంది? ఆదర్శం అని నేననడం లేదు. ఆ ఇళ్ళలోనూ తాగుడు తెచ్చే దెబ్బలు, అప్పులు ఉన్నాయి. కానీ మన దగ్గరా అక్కడా ఒక విషయం ఒకటే: మద్యం మీద ఆదాయం ప్రభుత్వానికి కావాలి. నేటాల్‌లో 1908 చట్టం బీరు కాచి అమ్మే హక్కును మున్సిపాలిటీకి కట్టబెట్టింది. డర్బన్ నగరం బీరు హాళ్ళు కట్టి, నల్ల కార్మికుల కూలి డబ్బులు వెనక్కి లాక్కుని, ఆ లాభంతోనే వాళ్ళ మీద పెత్తనం చేసే యంత్రాంగాన్ని నడిపింది. ఆడవాళ్ళు ఇంట్లో కాస్తే నేరం, మున్సిపాలిటీ కాస్తే పరిపాలన.

'కింగ్ కాంగ్' మొదలైన నాలుగు నెలలకు, 1959 జూన్‌లో, డర్బన్‌లోని కేటో మేనర్‌లో పోలీసులు స్త్రీల బీరు పీపాలు పగలగొట్టారు. ఆ స్త్రీలు కర్రలు పట్టుకుని బీరు హాళ్ళలోకి వెళ్ళి తాగుతున్న మగవాళ్ళను తరిమారు. ఈ కథలో మనవాళ్ళూ ఉన్నారు. 1860-1911 మధ్య నేటాల్ చెరకు తోటలకు కూలీలుగా వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళున్నారు. కేటో మేనర్ భూముల్లో చాలా భాగం భారతీయులది. ఆ నేల మీద గుడిసెలు వేసుకున్న నల్ల కుటుంబాలు వాళ్ళకు అద్దె కట్టాయి. అణగారినవాళ్ళ మధ్య కూడా మెట్లుంటాయని మనకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

మళ్ళీ నాటకానికి వద్దాం. జాయిస్ పాత్ర వేసింది మిరియం మకేబా. 1932లో పుట్టింది. ఆమె పుట్టిన పద్ధెనిమిదో రోజున తల్లిని ఇంట్లో బీరు కాచి అమ్మినందుకు అరెస్టు చేశారు. జరిమానా కట్టే స్తోమత లేదు. పసిబిడ్డ తల్లితోపాటు ఆరు నెలలు జైల్లో ఉంది. ఈ సంగతి మకేబా తన ఆత్మకథలో చెప్పుకుంది. మొదటి భర్త తనను కొట్టేవాడని కూడా చెప్పుకుంది. పద్ధెనిమిదేళ్ళకే కూతుర్ని కని, రొమ్ము క్యాన్సర్‌ను దాటుకుని ఆమె పాటలోకి వచ్చింది.

ఈ రెండు సంగతులూ తెలిశాక ఆ నాటకం నాకు మరోలా వినిపించింది. షిబీన్ నడిపి, చివరికి మగవాడి చేతిలో చనిపోయే స్త్రీగా వేదిక మీద నిలబడింది, బీరు కాచిన నేరానికి పుట్టగానే జైలు చూసిన మనిషి, భర్త చేతి దెబ్బలు తిన్న మనిషి. కథ ప్రకారం జాయిస్ చావు హీరో పతనానికి ఆఖరి మెట్టు. కానీ ఆమె తన షిబీన్‌లో నిలబడి పాడే పాటలో ఆ ఇల్లు ఆమెది, ఆ రాత్రి ఆమెది, ఆ మగవాళ్ళందరూ ఆమె గుమ్మంలో నిలబడ్డవాళ్ళు. కథ ఇవ్వని చోటు ఆమెకు సంగీతం ఇచ్చింది. నాటకమూ జాజ్ కలిసినప్పుడు సమాజం గురించి తెలిసేది ఇదేననుకుంటాను. సమాజం తన గురించి తాను చెప్పుకునే కథ నాటకంలో ఉంటుంది. ఆ కథలో ఇమడని బతుకు గొంతులోంచి, తాళంలోంచి బయటికొస్తుంది. రెండింటినీ కలిపి వింటేనే మనకు పూర్తి చరిత్ర.

వేదిక బయట కూడా గాయనుల బతుకు అంతే. మకేబా కన్నా ముందు తరం తార డాలీ రతేబే 'డ్రమ్' పత్రిక కోసం గని మట్టి దిబ్బ మీద ఫొటోలు దిగుతుంటే, ఫొటో తీస్తున్నవాడు తెల్లవాడు కాబట్టి, జాత్యంతర సంబంధాలను నిషేధించిన చట్టం కింద పోలీసులు ఇద్దర్నీ పట్టుకున్నారు. ముఖచిత్రంగా ఆమె అందరికీ కావాలి, మనిషిగా ఆమె ఎప్పుడూ నేరస్తురాలే. అదే రతేబే తర్వాత కేప్‌టౌన్‌లో షిబీన్ నడిపి బతికింది.

మకేబా 1959లోనే దేశం దాటింది. మరుసటేడు తల్లి చనిపోతే అంత్యక్రియలకు వెళ్ళబోతే తన పాస్‌పోర్టు రద్దయిందని తెలిసింది. బీరు కాచినందుకు తల్లిని జైల్లో పెట్టిన రాజ్యం, పాడినందుకు కూతుర్ని తల్లి శవం దగ్గరికి రానివ్వలేదు. 1961లో నాటకం లండన్ వెళ్ళినప్పుడు జాయిస్‌గా పెగ్గీ ఫాంగో నటించింది. వెళ్ళిన నటుల్లో కొందరు తిరిగి రాలేదు. మత్షికిజా 1968లో లుసాకాలో, పరాయి నేల మీదే కన్నుమూశాడు. మకేబా 1990లో గాని సొంత దేశంలో అడుగుపెట్టలేకపోయింది. 2008లో ఇటలీలో కచేరీ ముగించిన కాసేపటికే చనిపోయింది.

2017లో ఆ నాటకాన్ని కేప్‌టౌన్‌లో మళ్ళీ వేశారు. వర్ణవివక్ష చట్టాలు పోయి చాలా ఏళ్ళయింది. ప్రియుడి చేతిలో, భర్త చేతిలో స్త్రీలు చనిపోవడం ఆ దేశంలోనూ ఆగలేదు, మన దేశంలోనూ ఆగలేదు. ఇప్పుడు ఆ కథను మళ్ళీ రాసేవాళ్ళెవరైనా ఉంటే, బాక్సర్ పేరుతో కాకుండా గుమ్మం తీసిన మనిషి పేరుతో మొదలుపెట్టమని అడుగుతాను. పాట ఎలాగూ ఆమె ఇంట్లోంచే మొదలైంది.